పాత రికార్డులను ఇంట్లోనే శుభ్రం చేసుకోవడం ఎలా: లక్క ప్లేట్ల నుంచి ఎల్పీల వరకు

అటక మీది పెట్టెలో తాతగారి నాటి గ్రామఫోను ప్లేట్లు బయటపడినప్పుడు, లేదా హైదరాబాదు జుమ్మేరాత్ బజారులో బేరమాడి నాలుగు ఎల్పీలు (లాంగ్ ప్లే రికార్డులు) ఇంటికి తెచ్చుకున్నప్పుడు, అందరూ అడిగే ప్రశ్న ఒక్కటే: వీటిని నీళ్లతో కడగవచ్చా? కడగవచ్చు. అయితే ఏ రికార్డును దేనితో కడగాలన్నది అది ఏ పదార్థంతో తయారైందన్న దాన్ని బట్టి ఉంటుంది. ఒక రకానికి మేలు చేసే ద్రవం మరొక రకాన్ని రెండు నిమిషాల్లో పనికిరాకుండా చేస్తుంది. అందువల్ల గుడ్డ చేతిలోకి తీసుకునే ముందు రికార్డును గుర్తుపట్టడం నేర్చుకోండి.

మీ దగ్గర ఉన్నది ఏ రికార్డు?

నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత ప్లేట్లలో అత్యధికం లక్కతో, మెత్తటి రాతిపొడి కలిపి చేసినవి. కలకత్తా దగ్గరి డమ్‌డమ్ కర్మాగారంలో తయారైన హెచ్‌ఎంవీ కంపెనీ ప్లేట్లు మన ఇళ్లలో ఎక్కువగా కనిపించేది ఈ రకంలోనే. ఇవి బరువుగా ఉంటాయి, వంచితే వంగవు, చేయి జారితే పెంకులా పగులుతాయి, అంచు మీద గోటితో తడితే గట్టిగా, పింగాణీని తట్టినట్టు మోగుతాయి. 1948లో అమెరికాలో మొదలైన, నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే ఎల్పీలు, ఆ మరుసటి సంవత్సరం వచ్చిన 45 చుట్ల చిన్న రికార్డులు వినైల్‌తో, అంటే ఒక రకం ప్లాస్టిక్‌తో చేసినవి. అవి కొద్దిగా వంగుతాయి, తడితే మొద్దుగా శబ్దం చేస్తాయి. పరిమాణాన్ని బట్టి మాత్రం తీర్పు చెప్పకండి, ఎందుకంటే 10 అంగుళాల ఎల్పీలు కూడా ఉన్నాయి. లేబులు మీద వేగం చూడండి, అనుమానం తీరకపోతే దాన్ని లక్క ప్లేటుగానే భావించి పని చేయండి.

మూడో రకం అరుదు. మధ్య రంధ్రం అంచున గాని, చుట్టూ అంచున గాని లోపలి లోహం కనబడుతుంటే అది అల్యూమినియం పళ్లెం మీద పలుచని పూత పూసి, నేరుగా దాని మీదే శబ్దాన్ని చెక్కిన డిస్కు. దాని మీద తెల్లటి మైనం లాంటి పొర కనిపిస్తే బూజు అనుకుని తుడవబోకండి. అది ఆ పూతలో నుంచే బయటికి వచ్చిన పదార్థం. ఇలాంటి డిస్కును ఇంట్లో కడగరాదు, వాయించరాదు. దానికి రెండో ప్రతి ఉండే అవకాశం దాదాపు లేదు గనుక అనుభవం ఉన్న సేకర్తకు గాని, శబ్ద భాండాగారానికి గాని చూపించండి.

ఇంత హెచ్చరిక ఎందుకంటే, చాలా ఏళ్ల క్రితం నేను ఒక 78 ప్లేటును స్పిరిట్ ముంచిన దూదితో తుడిచాను. దూది నల్లబడుతుంటే మురికి వదులుతోందని సంబరపడి మరింత గట్టిగా రుద్దాను. వదిలింది మురికి కాదు, ప్లేటే. లక్క ఆల్కహాలులో కరుగుతుందన్న విషయం వడ్రంగి పాలిష్ పని చూసిన ఎవరికైనా తెలుసు. నాకు ఆ సమయానికి తట్టలేదు.

కావలసినవి

డిస్టిల్డ్ వాటర్ రెండు లీటర్లు తీసుకోండి. బ్యాటరీలలో పోయడానికి అమ్మే మినరల్స్ తీసేసిన నీరు కూడా పనికి వస్తుంది, కానీ సీలు వేసిన సీసా మాత్రమే కొనండి. మెకానిక్ దగ్గర తెరిచి ఉన్న డబ్బాలో ఏముందో ఎవరూ హామీ ఇవ్వలేరు. బోరు నీళ్లు ఎంతమాత్రం వద్దు. మీ స్నానాల గది కుళాయి మీద పేరుకునే తెల్లటి సున్నపు పొరే రికార్డు గాడిలోనూ ఆరిపోయి మిగులుతుంది. ఇంట్లోని ఆర్ఓ యంత్రపు నీళ్లలోనూ కొంత లవణం మిగిలే ఉంటుంది గనుక, తొలి కడుగుకు అవి వాడినా ఆఖరి కడుగుకు డిస్టిల్డ్ వాటరే వాడండి.

ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చిన్న సీసా ఒకటి కావాలి. ఇది వినైల్‌కు మాత్రమే. మొబైల్ ఫోన్లు బాగుచేసేవారు సర్క్యూట్లు తుడవడానికి వాడేది ఇదే; ఎలక్ట్రానిక్ విడిభాగాల దుకాణాల్లో, హైదరాబాదు వారికైతే కోఠీ గుజరాతీ గల్లీ వంటి చోట్ల అడిగి చూడండి. 99 శాతం అని రాసి ఉన్నది తీసుకోండి.

రంగు, పరిమళం తక్కువగా ఉన్న గిన్నెలు కడిగే ద్రవం కొన్ని చుక్కలు, నూలు రాలని మైక్రోఫైబర్ గుడ్డలు నాలుగు, మెత్తటి వెంట్రుకల వెడల్పు బ్రష్షు ఒకటి, పొడిగా దుమ్ము తీయడానికి కార్బన్ ఫైబర్ బ్రష్షు ఒకటి, గిన్నెల స్టాండు లేదా ప్లేట్లు నిలబెట్టే స్టాండు, పక్కనే వెలుతురు కోసం ఒక టార్చిలైటు సిద్ధం చేసుకోండి. పెయింటింగ్‌కు వాడే కొత్త బ్రష్షు పనికి వస్తుంది, కానీ దాని వెంట్రుకలను పట్టి ఉంచే లోహపు పట్టీ రికార్డుకు తగలకుండా ఇన్సులేషన్ టేపు చుట్టండి.

లేబులు తడవకుండా ఏదైనా మూత కావాలి. ఎల్పీ లేబులు వ్యాసం దాదాపు 10 సెంటీమీటర్లు, 45 రికార్డుది దాదాపు 9. ఆ కొలతకు సరిపోయే ప్లాస్టిక్ డబ్బా మూతలు రెండు తీసుకుని, అంచుకు పలుచని రబ్బరు అతికించి, మధ్యలో రంధ్రం చేసి బోల్టు, నట్టుతో రికార్డుకు రెండు వైపులా బిగిస్తే చాలు. అంత శ్రమ వద్దనుకుంటే రికార్డును బల్ల మీద పడుకోబెట్టి లేబులుకు రెండు వేళ్ల దూరం వరకు మాత్రమే తడిపే పద్ధతి పాటించండి; నేను ఎక్కువగా చేసేది అదే.

వినైల్ రికార్డును కడిగే క్రమం

1. ఫ్యాను ఆపండి, కిటికీ మూయండి, చేతులు సబ్బుతో కడుక్కుని పూర్తిగా తుడుచుకోండి. రికార్డును అంచుల దగ్గర, లేబులు దగ్గర మాత్రమే పట్టుకోండి. వేలిముద్రలోని జిడ్డు దుమ్మును పట్టి ఉంచుతుంది, తేమ చేరితే బూజుకు ఆహారమవుతుంది.

2. టార్చిలైటును పక్క నుంచి ఏటవాలుగా పట్టి రెండు వైపులా చూడండి. దుమ్ము, వేలిముద్రలు, తెల్లటి చుక్కలు, గీతలు ఎక్కడెక్కడ ఉన్నాయో గమనించండి. వీలైతే ఒక పాట మొదటి నిమిషాన్ని ఫోనులో రికార్డు చేసి పెట్టుకోండి, తరువాత పోల్చుకోవడానికి పనికి వస్తుంది. అయితే కంటికి కనబడేంత మట్టి పేరుకున్న రికార్డును ఆ స్థితిలో వాయించకండి. ముల్లు ఆ మట్టిని గాడి గోడలకేసి నూరుతుంది.

3. పొడి దుమ్మును ముందు తీయండి. రికార్డును ప్లేయరు మీద తిప్పుతూ కార్బన్ బ్రష్షును బరువు మోపకుండా ఆనించి, రెండు మూడు చుట్లు తిరిగిన తరువాత నెమ్మదిగా అంచు వైపుకు జరిపి పైకి తీయండి. ఇసుక రేణువులు ఉండగానే తడి గుడ్డ వేస్తే ఆ రేణువులే గీతలు గీస్తాయి. ఈ మెట్టును దాటవేయడమే ఇళ్లలో జరిగే అతి పెద్ద తప్పు.

4. ద్రవం కలపండి. ఒక లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో గిన్నెలు కడిగే ద్రవం రెండు, మూడు చుక్కలు చాలు. నురగ కనబడితే ఎక్కువైందని అర్థం. జిడ్డు గాని బూజు గాని ఉంటే 900 మిల్లీలీటర్ల నీటికి 100 మిల్లీలీటర్ల ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చొప్పున కలుపుకోండి. ఇంకా ఎక్కువ కలిపితే ఇంకా శుభ్రపడుతుందని అనుకోవద్దు. ఆల్కహాల్‌కు నిప్పు అంటుకుంటుంది కాబట్టి వంటగదిలో స్టవ్ పక్కన గాని, దీపారాధన వెలుగుతున్న చోట గాని ఈ పని పెట్టుకోకండి.

5. శుభ్రమైన మెత్తటి తువ్వాలు పరిచి దాని మీద రికార్డును ఉంచి, ద్రవాన్ని పలుచగా, అంతటా సమంగా పడేలా చల్లండి. ఒక నిమిషం, బూజు ఉంటే మూడు నిమిషాలు, నాననివ్వండి. మధ్యలో ఆరిపోనివ్వరాదు, ఆరేలా ఉంటే మరికొంత చల్లండి. ద్రవం గోరువెచ్చగా ఉండవచ్చు, వేడిగా మాత్రం ఉండకూడదు. 60 డిగ్రీలకు చేరకముందే వినైల్ మెత్తబడి వంకర పోవడం మొదలుపెడుతుంది.

6. బ్రష్షును గాడి వెంట, అంటే రికార్డు తిరిగే దిశలో, వలయాకారంగా నడపండి. కేంద్రం నుంచి అంచుకు అడ్డంగా ఎన్నడూ రుద్దకండి. చేతి బరువు వేయనవసరం లేదు. గాడి వెడల్పు వెంట్రుక మందం కన్నా తక్కువ కాబట్టి అక్కడి మురికిని తీసేది ద్రవమే, బ్రష్షు దాన్ని కదిలించి వదులుతుంది. ఒక్కో వైపు పది, పదిహేను చుట్లు సరిపోతాయి.

7. మురికి ద్రవాన్ని మైక్రోఫైబర్ గుడ్డతో అద్ది పీల్చండి, తరువాత మామూలు డిస్టిల్డ్ వాటర్ చల్లి, వేరే బ్రష్షుతో గాని, కొత్త గుడ్డతో గాని అదే దిశలో తిప్పి, మళ్లీ అద్దండి. ఈ కడుగు రెండుసార్లు చేయండి. కడిగిన తరువాత రికార్డు ముందుకన్నా ఎక్కువ చిటపటలాడుతోందని బాధపడేవారిలో పదిమందికి తొమ్మండుగురు సబ్బును గాడిలోనే ఆరనిచ్చినవారు.

8. రెండో వైపు తిప్పే ముందు కింది తువ్వాలు మార్చండి. తడిసి మురికైన తువ్వాలు మీదనే, ఇప్పుడే కడిగిన వైపును బోర్లించడం చాలామంది తమకు తెలియకుండానే చేసే పని.

9. స్టాండులో నిలువుగా, ఒకదానికొకటి తగలకుండా పెట్టి నీడలో ఆరనివ్వండి. గంట, వర్షాకాలంలో రెండు గంటలు పట్టవచ్చు. ఎండలో పెట్టకండి, హెయిర్ డ్రయరు వాడకండి, ఫ్యాను కింద ఉంచకండి. ఫ్యాను గాలిలోని దుమ్మంతా తడి రికార్డు మీదే వాలుతుంది. పూర్తిగా ఆరక ముందు కవరులో పెడితే బూజును చేతులారా పెంచినట్టే.

10. ఆరిన రికార్డును పాత లోపలి కవరులో మళ్లీ పెట్టరాదు. కొత్త కవరు వాడండి. పాత కవరులో పాటల వివరాల కాగితం ఉంటే దాన్ని పారేయకుండా బయటి అట్టలో వేరుగా దాచండి.

యాభై, వంద రికార్డులు ఉన్నవారికి ఈ చేతి పద్ధతి విసుగు పుట్టిస్తుంది. అలాంటివారు రికార్డును నిలువుగా తొట్టిలో తిప్పుతూ కడిగే చిన్న పరికరాలు కొనుక్కోవచ్చు. ద్రవాన్ని పీల్చే యంత్రాలు ఇంకా మంచివి, ధర కూడా అంతే. ఆరబెట్టే కష్టం తప్పించేది అవే.

లక్క ప్లేట్లకు వేరే పద్ధతి

78 ప్లేట్లకు ఆల్కహాల్ చుక్క కూడా తగలరాదు. స్పిరిట్, సెంటు, శానిటైజరు అన్నీ ఆ కోవలోనివే. శానిటైజరు రాసుకున్న చేయి ఆరకుండా ప్లేటును పట్టుకోవడం కూడా ప్రమాదమే. ఒక లీటరు డిస్టిల్డ్ వాటర్, రెండు చుక్కల గిన్నెల ద్రవం, అంతే. ద్రవాన్ని నేరుగా పోయకుండా గుడ్డను తడిపి పిండి, గాడి వెంట తుడిచి, మరో తడి గుడ్డతో సబ్బు తీసి, వెంటనే పొడి గుడ్డతో అద్దండి. నానబెట్టడం అనే మాటే వద్దు. లక్కలో కలిసిన పొడి నీటిని పీలిస్తే ప్లేటు ఉపరితలం గరుకుబారుతుంది, పగుళ్లున్న ప్లేటైతే ఆ పగుళ్లలోకి నీరు దిగి పొరలు లేస్తాయి. కొన్ని కంపెనీల ప్లేట్లలో లోపల కాగితం లేదా అట్ట పొర ఉంటుంది. పగిలిన అంచు దగ్గర అది కనబడితే తడి గుడ్డ కూడా మాని పొడి బ్రష్షుతో సరిపెట్టండి.

చల్లటి ప్లేటు మీద గోరువెచ్చటి నీళ్లు కూడా వాడకండి. ఉష్ణోగ్రతలో హఠాత్తుగా వచ్చే మార్పుకు లక్క చిట్లుతుంది.

ఇళ్లలో వినిపించే చిట్కాలు, వాటి ఫలితం

కొబ్బరి నూనె రాస్తే నలుపు మెరుస్తుందన్నది పాత నమ్మకం. మెరుస్తుంది, నిజమే, కానీ ఆ నూనె గాడిలో నిలిచి దుమ్మును ముద్దగా చేస్తుంది, కొంతకాలానికి బంకలా మారి ముల్లుకు చుట్టుకుంటుంది. అలాంటి రికార్డు మీకు దొరికితే ఆల్కహాల్ కలిపిన ద్రవంతో (వినైల్ అయితేనే) రెండు మూడు సార్లు కడగవలసి వస్తుంది. కుంకుడుకాయ రసం పట్టుచీరకు మంచిది కావచ్చు, రికార్డుకు కాదు: ఎంత వడకట్టినా అందులో మెత్తటి పిప్పి మిగిలిపోతుంది. అద్దాలు తుడిచే నీలి ద్రవాలలో రంగు, పరిమళం, ఇతర రసాయనాలు ఉంటాయి. కిరోసిన్ అయితే ప్లాస్టిక్‌కే హాని. మందుల దుకాణంలో దొరికే సర్జికల్ స్పిరిట్‌లో ఆల్కహాల్‌తో పాటు వేరే పదార్థాలు కలిపి ఉండవచ్చు, శానిటైజర్లలో గ్లిసరిన్ ఉంటుంది. అవి ఆవిరి కాకుండా గాడిలో మిగులుతాయి. కనుక వినైల్‌కు కూడా ఐసోప్రొపైల్‌కు బదులుగా వీటిని వాడకండి.

నోటితో ఊదడం అన్నిటికన్నా తేలికగా జరిగిపోయే తప్పు. దుమ్ముతో పాటు ఉమ్మి తుంపరలు పడతాయి. పంచె కొంగుతోనో, చీర చెంగుతోనో తుడవడం మా ఇంట్లో కూడా జరిగేది. ఆ నూలు పోగులే తరువాత ముల్లు కొనకు బూడిదరంగు ఉండలా చేరతాయి.

తెల్ల జిగురును రికార్డు మీద పొరగా పోసి, ఆరిన తరువాత ఒలిచేస్తే మురికంతా దానితో వస్తుందని వీడియోలలో చూపిస్తారు. అది వినైల్ మీద కొన్ని రకాల జిగుర్లతో పనిచేసే పద్ధతే. కానీ జిగురు పలుచగా పడిన చోట తునకలు తెగి గాడిలో ఉండిపోతే వాటిని తీయడం మొదటి మురికిని తీయడం కన్నా కష్టం. పోయినా బాధ లేని రికార్డు మీద తప్ప ప్రయత్నించకండి, లక్క ప్లేటు మీద అసలే వద్దు.

శుభ్రపడిందో లేదో తెలుసుకోవడం

మొదట చూపు. టార్చిని మళ్లీ ఏటవాలుగా పట్టండి. శుభ్రమైన ఎల్పీ మీద వెలుగు సన్నటి చారలా, అంతటా ఒకే తీరుగా మెరుస్తుంది. నీటి మరకలు వలయాలుగా కనబడితే ఆఖరి కడుగు మళ్లీ చేయండి.

తరువాత ముల్లు. ప్లేయరు ముల్లును ముందే శుభ్రం చేసి, ఒక వైపు మొత్తం వాయించి, దాని కొన చూడండి. బూడిదరంగు దూది చేరి ఉంటే గాడిలో మురికి ఇంకా ఉంది. ముల్లును చిన్న బ్రష్షుతో వెనుక నుంచి ముందుకు మాత్రమే తుడవాలి, పక్కలకు గాని, ముందు నుంచి వెనక్కు గాని తుడిస్తే దాన్ని మోసే సన్నటి పుల్ల వంగిపోతుంది.

ఆపైన వినికిడి. ఇక్కడ ఒక గడియారం చాలు. టక్‌మనే శబ్దం క్రమం తప్పకుండా వస్తుంటే దాని విరామాన్ని లెక్కించండి. 33⅓ వేగంలో ఒక చుట్టుకు 1.8 సెకన్లు, 45లో 1.33, 78లో 0.77 సెకన్లు పడుతుంది. శబ్దం సరిగ్గా ఆ విరామంతో వస్తుంటే అది గాడులకు అడ్డంగా పడిన గీత; ఎన్నిసార్లు కడిగినా పోదు. లెక్కాపత్రం లేకుండా అక్కడక్కడా వచ్చే చిటపటలు దుమ్మువి, లేదా స్థిర విద్యుత్తువి. తెలంగాణలో ఫిబ్రవరి నుంచి మే వరకు గాలి పొడిగా ఉన్నప్పుడు కవరులో నుంచి తీస్తుంటేనే రికార్డు చేతి వెంట్రుకలను లాగుతుంది. అప్పుడు కడగడం కాదు, కార్బన్ బ్రష్షే మందు. ఇక పాట బిగ్గరగా ఉన్న చోట, ముఖ్యంగా లేబులుకు దగ్గరి పాటల్లో, గొంతు బొంగురుగా చీలినట్టు వినబడితే అది అరుగుదల. రోజూ తెల్లవారుజామున వేసిన సుప్రభాతం ఎల్పీలకు ఇది సహజం. పాత పెట్టె ప్లేయర్లు అరిగిన ముల్లుతో, ఎక్కువ బరువు మోపుతూ వాయించిన ఫలితం అది, దానికి నీళ్లలో పరిష్కారం లేదు.

ఒకసారి బాగా కడిగిన రికార్డును ఏడాదికోసారి మళ్లీ కడగనవసరం లేదు. వాయించే ముందు పొడి బ్రష్షు, వాయించాక వెంటనే కవరు.

దాచడం

నిలువుగా పెట్టండి. ఒకదాని మీద ఒకటి పేర్చితే కింది ఎల్పీలు వంగుతాయి, కింది లక్క ప్లేట్లు పగులుతాయి. మరీ బిగుతుగా గాని, పక్కకు వాలేంత వదులుగా గాని ఉంచకండి. లోపల మెత్తటి పాలిథిన్ ఉన్న కవర్లు మంచివి. గట్టిగా, వాసన వచ్చే పీవీసీ సంచులు ఏళ్ల తరబడి తగిలి ఉంటే రికార్డు మీద మసక పొర తెస్తాయి.

కోస్తా జిల్లాల వారికి వర్షాకాలమే అసలు పరీక్ష. బయటి గోడకు ఆనించిన ఇనుప బీరువా లోపల చెమ్మ చేరుతుంది కాబట్టి బీరువాను గోడకు జానెడు దూరం జరపండి, సిలికా జెల్ పొట్లాలు పెట్టి అప్పుడప్పుడు మార్చండి. కలరా ఉండలు, కర్పూరం రికార్డుల దగ్గర వద్దు. వాటి ఆవిరి ప్లాస్టిక్‌కు మంచిది కాదు. అట్టలను చెదలు తినకుండా కింది అరను నేలకు తగలనివ్వకండి. బూజు పట్టిన అట్టను మిగతావాటితో కలిపి పెట్టకుండా నీడలో గాలి తగిలేలా ఆరబెట్టి, ముక్కుకు మాస్కు కట్టుకుని ఆరుబయట పొడి బ్రష్షుతో దులపండి. దాన్ని తడిపితే బొమ్మ రంగు పోతుంది. మే నెలలో కొనుక్కున్న ఎల్పీలను కారు వెనుక అద్దం దగ్గర పెట్టి భోజనానికి వెళ్లకండి. తిరిగి వచ్చేసరికి అవి వంకరపోయి గిన్నెల్లా మారి ఉంటాయి.

ఆఖరుగా, 78 ప్లేటును ఎల్పీ ముల్లుతోను, ఎల్పీని పాత గ్రామఫోను ఉక్కు ముల్లుతోను వాయించకండి. 78 గాడి చాలా వెడల్పు, ఎల్పీ ముల్లు అడుగున దొర్లుతూ రొదను మాత్రమే వినిపిస్తుంది. ముల్లును పట్టి ఉంచే గ్రామఫోను శబ్దపేటిక బరువు ఎల్పీ మోయగలిగిన దానికన్నా ఎన్నో రెట్లు, ఒక్కసారి వాయిస్తే చాలు గాడి గోడలు చెక్కుకుపోతాయి. ఉక్కు ముల్లును కూడా ప్లేటుకు ఒక వైపు వాయించగానే మార్చాలి. ఆ చిన్న డబ్బాలో వందల కొద్దీ ముళ్లు అమ్మింది అందుకే.